మడ్‌గార్డ్ అంచు మడిచే చేయి

రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ వస్తే అందరి కళ్లూ సిమెంటు ఫ్యాక్టరీ మీద పడతాయి, నా కళ్లు టింకరింగ్ షెడ్డు వెతుక్కుంటాయి. కారుకు వెడల్పు టైర్లు బిగించడం పెద్ద పనేం కాదు. బండి గుంతలో దిగినప్పుడు మడ్‌గార్డ్ అంచు టైరును కోయకుండా చూడాలి, అసలు పనితనం అక్కడుంది.

చక్రం పైన రేకు అంచు లోపలికి తిరిగి ఉంటుంది. మేస్త్రీ ముందు హీట్‌గన్‌తో అక్కడి రంగును వేడి చేస్తాడు. చల్లగా ఉంటే రంగు పెళుసుగా పగిలిపోతుంది. తర్వాత హబ్‌కు రోలర్ బిగించి, అటూ ఇటూ తిప్పుతూ అంచును కొద్దికొద్దిగా పైకి మడుస్తాడు. తొందరపడి ఒత్తితే బయటి రేకు అలలు తేలుతుంది. వెనక చక్రాల దగ్గర రెండు రేకులు కలుస్తాయి, మడతలో అక్కడి సీలర్ చిట్లుతుంది. మళ్లీ ప్రైమర్, సీలర్ పూయకపోతే వానాకాలానికి తుప్పు మొదలైనట్టే. ఎవరికీ కనిపించని ఆ పూతను ఓపిగ్గా వేసే మనిషంటే నాకు ఎంతో ఇష్టం.

చివరికి వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూస్తాడు. అయితే ఈ పనికీ ఓ హద్దుంది: కంపెనీ కొలతలు దాటే మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ‘‘గంత లావు టైర్లు వద్దు సారూ, బేరింగులు పోతయ్’’ అని బేరం వదులుకునే మేస్త్రీ మీద గౌరవం ఇంకా ఎక్కువ.