వేయిపడగలు – ఆశురచన, ప్రణాళిక

విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ నవలను 1934లో 29 దినములలో ఆశువుగా చెప్పగా తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసికొనిరి. దీనినిబట్టి ఆయనది ఆవేశప్రధానమైన స్వభావమనియు, ముందుగా ప్రణాళిక వేసికొనుట అట్టివారికి సరిపడదనియు కొందఱు తలంతురు. ఇది తొందరపాటు నిర్ణయము. పడగలు క్రమముగా నశించి తుదకు రెండే మిగులుననెడి ప్రతీకయే ఈ నవలకు ప్రణాళిక. సుబ్బన్నపేటలో కోటయు గుడియు క్షీణించు క్రమమంతయు దానికి లోబడియే నడచును. ఆశుత్వము స్పష్టముగా కానవచ్చునది ధర్మారావు చర్చలలో; అవి కొన్నిచోట్ల కథనే మఱపించుననుట నిజము. అంతమాత్రమున, కాగితముమీద లేని ప్రణాళిక మనస్సునను లేదనరాదు. పైగా ‘రామాయణ కల్పవృక్షము’ను ఏండ్లతరబడి వ్రాసినదియు ఈయనయే, దానిని ఏ స్వభావమునకు అంటగట్టుదురో వారే చెప్పవలసియున్నది.