రుతువు, నది, వృక్షప్లవకాలు: ఒక పాఠ్య సూత్రీకరణపై విమర్శ

వర్షాకాలపు వరద పోషకాలను తెస్తుంది కనుక ఉష్ణమండల సముద్రాల్లో వృక్షప్లవకాలు వృద్ధి చెందుతాయన్న సూత్రీకరణ బంగాళాఖాతానికి పూర్తిగా వర్తించదు. అరేబియా సముద్రంలో నైరుతి గాలులు పోషకాలు నిండిన లోతు నీటిని పైకి తెస్తాయి. బంగాళాఖాతంలో నదుల మంచినీరు తేలికైన పొరగా పరుచుకొని ఆ మిశ్రమాన్ని అడ్డుకుంటుంది. మబ్బు, బురద వెలుతురును తగ్గిస్తాయి. నదీముఖాల వద్ద ఆ సూత్రం కొంత నిలిచినా, అక్కడ మానవ ప్రమేయాన్ని విస్మరించరాదు. సూర్యాపేట ప్రాంతం మీదుగా సాగే మూసీ, హైదరాబాదు మురుగుతో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మిర్యాలగూడ, కోదాడ వరిపొలాలకు సాగర్ ఎడమ కాలువే ఆధారం. జలాశయాలు ఒండ్రును, కొంత సిలికాను నిలిపివేస్తాయి. డయాటంలకు సిలికా అత్యవసరం. నత్రజని పెరిగి సిలికా తగ్గితే సముదాయపు కూర్పే మారవచ్చు. కనుక రుతువునే ఏకైక కారణంగా చూపే బోధన అసంపూర్ణం. తీరప్రాంత ప్లవకాల అధ్యయనం పరీవాహకం నుంచే మొదలుకావాలి.