కథను నమ్ముకున్న కవి: పింగళి సూరన పనితనం

ఉయ్యాలవాడ అనగానే 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి గుర్తొస్తాడు. మరికాస్త తెలిసినవాళ్లు 1866 నాటి కరువులో ఆకలిగొన్న జనానికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని కూడా తలుచుకుంటారు. వీరుడికీ దాతకీ దక్కిన ఈ తలపు, ఇదే సీమతో ముడిపడిన ఒక కథకుడికి అంతగా దక్కలేదు. ఆయన పింగళి సూరన. 16వ శతాబ్దంలో నంద్యాల ప్రభువు కృష్ణరాజుకు ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చినవాడు. తెలుగులో కథ కట్టడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈనాటి రచయిత కూడా ఆయన దగ్గర కూర్చోవలసిందే.

సూరన బతుకు గురించి మనకు తెలిసిందంతా ఆయన కావ్యాల అవతారికల నుంచి వచ్చిందే. తండ్రి అమరన, తల్లి అబ్బమ. పింగళివారి పూర్వుడొకాయన పేకి అనే క్షుద్రశక్తిని దాసిగా చేసుకున్నాడని వంశంలో ఒక కథ ఉంది. అద్భుతాన్ని ఇంటి విషయంగా చెప్పుకునే కుటుంబం అది. సూరన కావ్యాల్లోనూ సిద్ధులు, మాయారూపాలు, మాట్లాడే పక్షులు అంతే సహజంగా తిరుగుతుంటాయి.

ఆయన రచనామార్గం మెట్టుమెట్టుగా సాగింది. మొదట గరుడపురాణం రాశాడు. అది మనకు దొరకలేదు. తర్వాత ఆకువీటి పెద వేంకటాద్రి కోరిక మీద ‘రాఘవపాండవీయం’ తలపెట్టి విరూపాక్షుడికి అంకితం చేశాడు. ఒకవైపు నుంచి చదివితే రామాయణం, మరోవైపు నుంచి భారతం. ఒక్కో పద్యం రెండు కథలనూ మొయ్యాలి. పూర్వం భీమకవి ఇలాంటిది రాశాడని వినడమే తప్ప చూసినవాళ్లు లేరని సూరనే చెప్పుకున్నాడు. సంస్కృత సమాసాన్ని ఒకచోట విరిస్తే ఒక అర్థం, ఇంకోచోట విరిస్తే మరో అర్థం వచ్చేలా రాయవచ్చు. తెలుగు మాటకు ఆ వెసులుబాటు తక్కువ. అయినా సంస్కృతాన్నీ తెలుగునూ పక్కపక్కన పేర్చి సాధించాడు. తర్వాత ముద్దరాజు రామన దానికి వ్యాఖ్య రాయాల్సి వచ్చిందంటే పాఠకుడికి ఎంత పని పడిందో ఊహించుకోవచ్చు.

అంత మెప్పు వచ్చిన దారిలోనే ఆయన ఉండిపోలేదు. ‘కళాపూర్ణోదయం’లో దారి మార్చాడు. పెద్దన మార్కండేయ పురాణం నుంచి, రామరాజభూషణుడు భారతం నుంచి చిన్న కథ తీసుకుని వర్ణనలతో పెంచిన కాలమది. సూరన కథనే కల్పించాడు. ద్వారక, నారదుడు, శ్రీకృష్ణుడు అందరికీ తెలిసినవాళ్లే. వాళ్ల చుట్టూ జరిగేది మాత్రం ఏ పురాణంలోనూ లేదు.

ఇక అల్లిక చూడండి. ఎనిమిది ఆశ్వాసాల కావ్యంలో కథానాయకుడు కళాపూర్ణుడు సగం దాటేదాకా పుట్టడు. అంతవరకూ కథ నడిపేది కలభాషిణి అనే యువతి, నారదుడి శిష్యుడు మణికంధరుడు, రంభ, నలకూబరుడు. మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు, కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. ఇద్దరు రంభలు ఎదురుపడి నేనంటే నేనని వాదించుకునే చోట పాఠకుడికి నవ్వూ వస్తుంది, తికమకా కలుగుతుంది. ఎవరు అసలో కవి అప్పుడే చెప్పడు. ఎప్పుడు చెప్పాలో ఆయనకు తెలుసు.

ఈ పనితనానికి మంచి ఆనవాలు ఒక హారం. మణికంధరుడి పాటకు మెచ్చి శ్రీకృష్ణుడు అతనికి దాన్ని ఇస్తాడు. ఏ కావ్యంలోనైనా కనిపించే మామూలు సన్మానమే అనుకుని ముందుకు సాగిపోతాం. ఆ హారం చేతులు మారి కళాపూర్ణుడి దాకా వస్తుంది. దాని మణి రొమ్మున తగలగానే పొత్తిళ్లలోని పాప మధురలాలస నోరు విప్పి పూర్వజన్మ కథంతా చెబుతుంది. మణికంధరుడే కళాపూర్ణుడని, కలభాషిణే ఆ పాప అని అప్పుడు తేలుతుంది. ఆ కథకూ మూలం ఇంకోచోట ఉంది: బ్రహ్మ సరస్వతితో సరసమాడుతూ సరదాకి అల్లి చెప్పిన కథ అది. బ్రహ్మ మాట పొల్లు పోదు కనుక అది భూమ్మీద జరిగి తీరాలి. చెప్పిన కథ నిజమై, మనుషులై నడిచిందన్న ఊహ నాలుగు వందల ఏళ్లు దాటినా పాతబడలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సుగాత్రీశాలీనుల ఉపకథ. కాశ్మీరంలోని శారదాపీఠం దగ్గర కాపురం వాళ్లది. తల్లి కూతురికి నగలు పెట్టి రోజూ గదిలోకి పంపినా శాలీనుడు పట్టించుకోడు. అత్త కసురుకుంటే అతను తోటపనిలో పడతాడు. ఒకరోజు సుగాత్రి నగలన్నీ తీసేసి తోటలో అతనికి సాయం చేస్తుంది. పనిలో అలసి, చెమట పట్టి, జుట్టు చెదిరిన ఆమెను చూసి అతని మనసు కదులుతుంది. అలంకారాలకు పేరుపడ్డ కావ్యయుగంలో ఒక కవి రాసిన సన్నివేశమిది. అందం నగలో కాక పనిలో ఉందని ఉపదేశం చెయ్యలేదు, భార్యాభర్తల మధ్య జరిగిన సంగతిగా చూపించాడు. సూరన కవిత్వం కూడా వర్ణన కోసం నిలబడిపోయిన చోట కంటే కథ కోసం పాటుపడే చోటే బాగుంటుంది.

ఆ తర్వాతి ‘ప్రభావతీప్రద్యుమ్నం’ తండ్రి అమరనకు అంకితం. హరివంశంలోని కథే అయినా నటుల వేషంలో రాక్షసపురంలోకి వెళ్లడం, శుచిముఖి అనే హంస రాయబారం, మాటకు మాట జవాబు చూస్తే నాటకమే అనిపిస్తుంది. శుచిముఖి మాటతీరును మెచ్చుకునే పద్యంలో మంచి మాటకు ఉండాల్సిన లక్షణాలు వరసగా వస్తాయి: శబ్దం తప్పకూడదు, అర్థం కుదరాలి, అతుకులు తెలియకూడదు. దాన్ని కవి తనకు తాను పెట్టుకున్న నియమంగా చదువుకోవచ్చు.

కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారం’లో సూరనను తూచి చూశారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ‘కళాపూర్ణోదయం’ను 2002లో ఇంగ్లీషులోకి తెచ్చారు. నంద్యాల పాఠకుడికి మాత్రం ఆయన ఇంటి కవి. పద్యాలకు భయపడేవాళ్లు టీకాతో సుగాత్రీశాలీనుల ఘట్టం నుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాత మొదటి ఆశ్వాసానికి వెళ్లి హారం ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోతోందో గమనిస్తూ చదవండి; కథ ఎలా కట్టాలో సూరన మరో పాఠం అక్కర్లేకుండా నేర్పుతాడు.