ఒడ్డుకెక్కిన కుర్సురా

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలిపిన ఐఎన్‌ఎస్ కుర్సురా మ్యూజియంలో ప్రదర్శన వస్తువూ, దాన్ని ఉంచిన భవనమూ ఒకటే. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో భారత నౌకాదళంలో చేరింది. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో విధుల నుంచి తప్పుకొని, మరుసటి ఏడాది ఆగస్టులో మ్యూజియంగా మారింది.

పొడవు 91 మీటర్లు. అందులో ఎక్కువ భాగం టార్పెడోలు, బ్యాటరీలు, ఇంజన్లవే. మిగిలిన సందుల్లో 75 మంది బతికారు. ఒక గది నుంచి మరో గదికి వెళ్లాలంటే గుండ్రటి తలుపులో నడుం వంచి, కాలెత్తి దూరాలి. పొడవాటి మనిషికి తల కొట్టుకోవడం ఖాయం. ఏ ఫలకమూ చెప్పలేని ఇరుకును ఆ తలుపు చెబుతుంది. డీజిల్ వాసన, ఉక్కపోత, పొదుపుగా వాడుకున్న మంచినీళ్లు మాత్రం ప్రదర్శనకు అందవు. ఆ లోటును ఇక్కడ గైడ్లుగా పనిచేసే విశ్రాంత నావికులు మాటలతో పూడుస్తారు. నిజానికి మ్యూజియానికి ప్రాణం వాళ్లే.

ఇదే తీరంలో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగింది. 90 మందికి పైగా ఉన్న సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ దాడి వల్లే మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడో, తాను పరిచిన సముద్రపు మైనో కారణమని పాకిస్తాన్ వాదన. స్మారకం విజయాన్ని స్మరించడానికి కట్టేది, దానికి సందేహంతో పనిలేదు. మ్యూజియానికి ఆ వెసులుబాటు ఉండకూడదు. రెండు కథనాలనూ, చనిపోయిన శత్రు నావికులనూ చెప్పినంత మాత్రాన మన నావికుల గౌరవం తగ్గదు.

కుర్సురా తరహా జలాంతర్గాముల్లో చివరిదైన వాగ్లీ 2010లో సెలవు తీసుకుంది. వాటిలో పనిచేసిన వారి వయసు ఏటా పెరుగుతోంది. వాళ్లు సందర్శకులకు రోజూ చెప్పే అనుభవాలను వాళ్ల గొంతులోనే రికార్డు చేసి భద్రపరచడం ఇప్పుడు జరగాల్సిన పని.