అమ్మ చేతిలో పోలీసు అధికారం

నేర పరిశోధన సీరియళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఎక్కడో ఒక అమ్మాయి శవం దొరుకుతుంది. అక్కణ్ణుంచి కథంతా ఆ శవాన్ని చూసి చలించిపోయే మగ డిటెక్టివ్ చుట్టూనే తిరుగుతుంది. 2021లో హెచ్‌బీవోలో వచ్చిన ‘మేర్ ఆఫ్ ఈస్ట్‌టౌన్’ ఏడు భాగాలూ చూశాక ఆ అనుమానం కొంత తగ్గింది. కానీ ఇంకో అనుమానం మొదలైంది.

పెన్సిల్వేనియాలో అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊరు. డిటెక్టివ్ మేర్ కొడుకు కెవిన్ ఆత్మహత్య చేసుకున్నాడు. మనవడు డ్రూని ఆమే పెంచుతోంది. ఎరిన్ అనే అమ్మాయి, ఒక పసిబిడ్డ తల్లి, హత్యకి గురవుతుంది. అనుమానితులంతా మేర్‌కి తెలిసినవాళ్ళే.

కేట్ విన్‌స్లెట్ ఈ పాత్రలో అందంగా కనబడాలని ప్రయత్నించలేదు. అలసిన ముఖం, కుంటి నడక, తల్లి హెలెన్‌తో ఎడతెగని కీచులాట. నాతో కూర్చుని చూస్తున్న మా అమ్మ, “ఈవిడకి ఏడవడానిక్కూడా తీరిక లేదే” అంది. నిజమే. దుఃఖించే హక్కుని కూడా ఇంటిపనీ ఉద్యోగమూ కలిసి లాగేసుకున్న స్త్రీ ఆమె.

హంతకుడు మేర్ ప్రాణస్నేహితురాలు లోరీ కొడుకు, పదమూడేళ్ళ రయన్. ఎరిన్ బిడ్డకి తండ్రి లోరీ భర్త జాన్. ఎరిన్‌కి అతను బంధువు, వయసులో ఎంతో పెద్దవాడు. తప్పు తండ్రిది. కానీ కుటుంబం విడిపోకూడదని పిల్లవాడు తుపాకీ చూపించింది తండ్రికి కాదు, ఆ అమ్మాయికి. బెదిరించబోయి చంపేశాడు. కుటుంబాన్ని కాపాడటమంటే ఆడపిల్లని అడ్డు తొలగించడమేనని ఆ వయసుకే అతనికి ఎవరు నేర్పారు? చివరికి ఎరిన్ బిడ్డని పెంచే భారం కూడా లోరీ మీదే పడింది. ఇంతవరకూ ఈ సీరియల్ పితృస్వామ్య కుటుంబాన్ని సూటిగానే చూసింది.

నా పేచీ క్యారీ విషయంలో. ఆమె డ్రూ కన్నతల్లి. మత్తు అలవాటు నుంచి బయటపడి, బిడ్డ కోసం కోర్టుకి వెళుతుంది. మనవడు దూరమవుతాడన్న భయంతో మేర్ పోలీసు స్టేషన్లోని హెరాయిన్ తెచ్చి ఆమె కారులో పెడుతుంది. సంగతి పై అధికారికి తెలిసిపోతుంది. సస్పెన్షన్, కౌన్సెలింగ్‌తో సరిపెడతారు. ఇదే పని ఒక మగ పోలీసు చేసి ఉంటే మనం ఏమని రాసేవాళ్ళం? మేర్ దుఃఖాన్ని చూసి కరిగిపోయి, ఆమె చేతిలోని అధికారాన్ని చూడ్డం మానేశామా?

పైగా కథ క్యారీని మళ్ళీ మత్తులోకి నెడుతుంది. ఆమే డ్రూని మేర్ దగ్గర వదిలి చికిత్సకి వెళ్ళిపోతుంది. అంటే మేర్ దొంగతనంగా చెయ్యబోయిన పనిని కథే న్యాయంగా చేసిపెట్టింది. ఒక తల్లి ఓడిపోతేగానీ ఇంకో తల్లికి ఊరట దొరకదా?

చివర్లో మేర్, కెవిన్ ప్రాణం తీసుకున్న అటకపైకి మెట్లెక్కుతుంది. ఆ దృశ్యం నన్ను కదిలించింది. లోరీ ఆమె భుజం మీద పడి ఏడ్చినప్పుడు నేనూ ఏడ్చాను. కానీ ఆ ఊళ్ళో ఎవరి భుజమూ దొరకని స్త్రీ ఒకామె ఉంది. స్త్రీల మధ్య స్నేహాన్ని ఇంత బాగా చెప్పిన కథలో, క్యారీ కోసం ఒక్క క్షమాపణకైనా చోటుండాల్సింది.