చలనచిత్రములు – వాగౌచిత్యము

కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు ద్వివిధమని లక్షణకర్తలు చెప్పిరి. మాటలాడు చలనచిత్రము దృశ్యవర్గమునకే చెందుననుట నిర్వివాదము. కాని మన పండితలోకము దీనిని విమర్శించునపుడు దృశ్యకావ్యలక్షణమును మఱచి, శ్రవ్యకావ్యమునకు పట్టవలసిన కొలబద్దనే పట్టుచున్నది. చిత్రములలోని మాటలు వ్యాకరణవిరుద్ధములనియు, వానిని విని విద్యార్థుల భాష చెడుచున్నదనియు పాఠశాలలయందు తఱచుగ వినవచ్చు నాక్షేపము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. అయినను దోషము ఆక్షేపకులు చూపుచున్న చోట లేదు, వేఱొకచోట నున్నది. దానిని నిరూపించుటకై కొన్ని తెలుగు చిత్రములను గూర్చిన యభిప్రాయములను సంక్షేపముగ నిందు పొందుపఱచుచున్నాను. సంక్షిప్తములైనను ఇవి నిర్హేతుకములు గావు. ఒక్కొక్క యభిప్రాయమునకు ఒక్కొక్క హేతువు చెప్పుటకు యత్నించితిని. కథాసంగ్రహమును, నటుల ప్రశంసయు, ధనార్జనవిశేషములును పత్రికలలో సమృద్ధిగ దొరకును గావున వాని నిచట విడిచితిని.

ఇక ప్రమాణమేది? భరతముని నాట్యశాస్త్రమున భాషావిధానమును ప్రత్యేకముగ నిరూపించి, ఏ పాత్రము ఏ భాష నాడవలయునో నియమించెను. కాళిదాసుని శకుంతల ప్రాకృతమున మాటలాడును. అందలి జాలరి పలుకు మాగధి. శూద్రకుని మృచ్ఛకటికమున శకారుని పలుకు వాని బుద్ధివలెనే వంకరపోయినది. అంతమాత్రమున కాళిదాసశూద్రకులకు శబ్దశాస్త్రము రాదని యెవ్వరును పలుకలేదు. పదునొకండవ శతాబ్దిని క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యజీవితముగ నెంచి, పదము మొదలుకొని ప్రతి యంగమునందును దానిని పరీక్షించెను. కావున చిత్రమందలి మాటను గూర్చి యడుగదగిన ప్రశ్న “ఇది సాధువా?” యని గాదు, “ఇది యీ పాత్రమునకు, ఈ సమయమునకు తగినదా?” యని. సాధుత్వము ఔచిత్యమునకు అంగమై వచ్చినపుడు భూషణము. అట్లు గాక స్వతంత్రించినపుడు భారము.

“భక్తప్రహ్లాద” (1932) తొలి తెలుగు మాటలచిత్రము. హెచ్. ఎం. రెడ్డి దీనికి దర్శకుడు. ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకము దీనికి మూలము. సురభి నాటకసమాజమువారు ఇందలి నటులు. చిత్రప్రతి నేడు లభింపదు. లేనిదానిని విమర్శించుట తగదు గాని యొక్కటి మాత్రము చెప్పవచ్చును. తెలుగు చిత్రము రంగస్థలమునుండి దిగివచ్చినది గావున పద్యనాటకపు నుడికారము దానికి పుట్టుకతో నబ్బినది. తెరపై మొట్టమొదట వినబడిన తెలుగుమాట నేడు వినరాకపోవుట, ఒక తాళపత్రగ్రంథము చెదలపాలగుటకంటె తక్కువ నష్టము గాదు.

“మాలపిల్ల” (1938). గూడవల్లి రామబ్రహ్మము దర్శకుడు. కథ గుడిపాటి వెంకటచలముది, మాటలు తాపీ ధర్మారావువి. నిత్యవ్యవహారభాషను తెరకెక్కించిన తొలిచిత్రములలో నిది ముఖ్యము. అస్పృశ్యతను ఖండించు కథను ప్రౌఢగ్రాంథికమున నడపినచో, కథ నిరసించిన యంటరానితనమును మాటయే పాటించినట్లగును. ఈ విషయమున రచయిత చేసిన నిర్ణయము శాస్త్రసమ్మతము. అచ్చటచ్చట పాత్రములు మాటలాడుట మాని యుపన్యసించుట దీని దోషము. ఉపన్యాసమున వక్తయే యుండును, పాత్రముండదు.

“యోగి వేమన” (1947). కె. వి. రెడ్డి దర్శకత్వమున నాగయ్య వేమనగా నటించిన చిత్రము. కవుల కథలలో పద్యములను హారమువలె గ్రుచ్చుట సులభము; పద్యము పుట్టిన బ్రదుకును చూపుట కష్టము. ఇందు వేమన వైరాగ్యము ఇంటిబిడ్డ మృతివలన కలిగిన శోకమునుండి పుట్టును గాని గురూపదేశమునుండి గాదు. పిమ్మట వచ్చు పద్యము, ఎన్నడో పాఠశాలలో వల్లించినదే యైనను, అప్పుడే పుట్టినట్లు వినబడును. వేమనను బోధించు పండితులు ఒకమాఱు తప్పక చూడదగినది.

“పాతాళభైరవి” (1951). జానపదకథకు తగిన జానపదవాక్కు. నిఘంటువున నిదురించుచున్న “డింగరి” యను మాటను పింగళి నాగేంద్రరావు మాంత్రికుని నోట పెట్టి పిల్లల నాలుకలకెక్కించెను. పదమునకు పునర్జన్మ మిచ్చుట కోశకారుని వశము గాదు. ప్రయోక్తకే యది సాధ్యము.

“మల్లీశ్వరి” (1951). బి. ఎన్. రెడ్డి దర్శకుడు, మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి. ఈ చిత్రమున మాటయే కథాబీజము. వానరాత్రి సత్రమున తలదాచుకొన్న బావమఱదండ్లు, మాఱువేసమున నున్న వారు కృష్ణరాయలును పెద్దనయు నని యెఱుగక, పల్లకి పంపి మల్లిని రాణివాసమునకు రప్పింపుడని పరిహాసమాడుదురు. పరిహాసము ప్రజకు పరిహాసమే. ప్రభువు చెవి సోకినపుడది శాసనమగును. పల్లకి నిజముగనే వచ్చును. ఒకే వాక్యము వక్తృభేదముచేత గాక శ్రోతృభేదముచేత వేఱు ఫలము నిచ్చుటకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు. ఇందలి భాష గ్రాంథికము గాదు, వీథిభాషయు గాదు; రాయలకాలమున పల్లెపడుచు లిట్లే మాటలాడియుందురని నమ్మించు మెత్తని నుడి. చరిత్రదృష్టితో చూచిన నాకాలపు భాష యిట్లుండదు. అయినను కావ్యమునకు కావలసినది కాలభాష గాదు, కాలప్రతీతి. తెలుగు చిత్రములలో నాకు మిక్కిలి యిష్టమైన వానిలో నిది యొకటి.

“కన్యాశుల్కము” (1955). పి. పుల్లయ్య దర్శకుడు. గురజాడ అప్పారావు నాటకము 1892లో ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, 1909లో పెంపు చెందిన రూపమున మరల వెలువడెను. అందు పాత్రమునకొక పలుకు గలదు. భరతుని భాషావిధానమును తెలుగున పూర్ణముగ సాధించిన గ్రంథమది. చిత్రమున గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధానులుగను, సి. ఎస్. ఆర్. రామప్పపంతులుగను, సావిత్రి మధురవాణిగను ఆ పలుకుబడిని చాలవఱకు నిలిపిరి. నిడివికై కథను కోయవలసివచ్చుట యనివార్యము. కాని కోతలో ముందుగ పోవునది కథకు పనికిరానట్లు తోచు వట్టిమాట. గురజాడ నాటకమునకు ఆ వట్టిమాటయే ప్రాణము. కావున చిత్రము మంచిదే, నాటకమునకు బదులు గాదు.

“మాయాబజార్” (1957). కె. వి. రెడ్డి దర్శకత్వము, పింగళి రచన. ఈ పరిణయకథ వ్యాసభారతమున లేదు. లోకమున పుట్టి పెరిగినది. వైయాకరణునకు దీనికంటె రుచికరమైన చిత్రము వేఱొకటి లేదు. ఇందు ఘటోత్కచుని పరివారము “అస్మదీయులు” అనవలసినచోట “అసమదీయులు” అనును. దానికి ప్రతియోగిగ “తసమదీయులు” అను మాటను కల్పించును. మొదటిది స్వరభక్తి. సంయుక్తాక్షరమును పలుకజాలని నాలుక నడుమ నొక యచ్చును జొనిపినది. రత్నము రతనమగుటయు, యత్నము జతనమగుటయు ఈ త్రోవనే గదా! రెండవది మిథ్యాసాదృశ్యము. అస్మచ్ఛబ్దమునకు ఛప్రత్యయము రాగా అస్మదీయమైనట్లు, తచ్ఛబ్దమునకు తదీయము కావలయును. రాక్షసుడు మొదటి యకారమొక్కటియే ప్రకృతియనియు, తక్కినదంతయు ప్రత్యయమనియు భ్రమించి, అకారస్థానమున తకారమును నిలిపెను. పసిబిడ్డలు భాష నేర్చుకొనునపుడు చేయు పని యిదియే. భాషలు కాలక్రమమున మాఱుటయు తఱచు నిట్లే.

మహాభాష్యారంభమున పతంజలి, అసురులు శత్రువులను సంబోధించుచు రేఫమును లకారముగ పలికి పరాభవము పొందిరని చెప్పి, దానిని వ్యాకరణాధ్యయనమునకు ప్రయోజనముగ చూపెను. పింగళివారి రాక్షసులు అపశబ్దములు పలికియు గెలుతురు. శుద్ధముగ మాటలాడు కౌరవపక్షము నవ్వులపాలగును. ఎవరో యొకరు పుట్టింపనిదే మాటలెట్లు పుట్టునని ఘటోత్కచుడు చేయు సమర్థనమున శబ్దనిత్యత్వవాదులకొక మేలపు మాట గలదు. శాస్త్ర మెఱిగినవాడే శాస్త్రముతో నిట్లు ఆడుకొనగలడు. ఈ రాక్షసభాషను దిద్దినచో మిగులునది శుద్ధమైన శవము.

“నర్తనశాల” (1963). కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. సముద్రాల రాఘవాచార్యులు రచయిత. గ్రాంథికము భూషణమైన చిత్రమునకు నిది యుదాహరణము. విరాటనగరమున పాండవులు తమ్ము దాచుకొని మాటలాడవలయును. ఎదుటివానికొక యర్థము, ప్రేక్షకునికి వేఱొక యర్థము తోపవలయును. అట్టి ద్వ్యర్థతకు నిత్యవ్యవహారముకంటె కట్టుదిట్టమైన వాక్యము మేలు. కీచకపాత్రము ధరించిన ఎస్. వి. రంగారావునకు 1964లో జకార్తాయందలి ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుడను గౌరవము లభించెను. తెలుగు రాని దేశమున నీ గౌరవము దక్కుటచే, వాచికమునకు తోడు ఆంగికమెంత సమర్థమై యుండెనో యూహింపవచ్చును.

“శంకరాభరణము” (1980). కె. విశ్వనాథ్ దర్శకత్వమున వచ్చిన యీ చిత్రమున ఉత్తమమైన సంభాషణము తులసిది, అనగా మౌనము. శంకరశాస్త్రి సంగీతమును గూర్చి చెప్పు మాటలు గంభీరములే. కాని కొన్నియెడల ప్రభుసమ్మితములై, కాంతాసమ్మితమగు కావ్యోపదేశమునకు దూరమగును. తులసి మాటలాడకయే గురుభక్తి యననేమో తెలుపును. వ్యంజనకు శబ్దమొక్కటియే యాశ్రయము గాదని యాలంకారికులు చెప్పినది యిచట కన్నులకు కట్టును.

“మా భూమి” (1980). బెంగాలీయుడగు గౌతమ్ ఘోష్ దర్శకుడు. కృష్ణ చందర్ ఉర్దూ నవల మూలము. తెలంగాణ రైతాంగపోరాటము వస్తువు. పరదేశీయుడు ఉర్దూకథను చేపట్టి తెలంగాణపు పలుకును యథాతథముగ వినిపింపగా, మనవారు చిరకాలము ఆ పలుకును హాస్యగానికిని దుష్టపాత్రమునకును మాత్రమే కేటాయించిరి. నేను ముందు చెప్పిన “వేఱొకచోటి దోషము” ఇదియే. చిన్నయసూరి లక్షణమునకు లోబడని భాషను గ్రామ్యమనెను. తెలంగాణపు పలుకు లక్షణమునకు లోబడనిదా? “వచ్చినాడు” అను రూపమునుండి తీరాంధ్రమున “వచ్చాడు” పుట్టినది. తెలంగాణమున “వచ్చిండు” పుట్టినది. ఒకచోట నకారము లోపించి అచ్చు నిలిచినది. వేఱొకచోట అచ్చు లోపించి నకారము బిందువై నిలిచినది. రెండును వికారములే, రెండును నియతములే. ఒకటి శిష్టమనియు, రెండవది నవ్వుటకు తగినదనియు వ్యాకరణము చెప్పదు, చెప్పినది అధికారము. ఒక ప్రాంతపు మాటను నాయకునకును, వేఱొక ప్రాంతపు మాటను విదూషకునకును కట్టబెట్టుట పాత్రౌచిత్యము గాదు. పాత్రౌచిత్యమను పేర జరిగిన యవమానము. విద్యార్థుల భాషకు చేటు నిజముగ నిటనుండియే కలిగినది, ఏలయన తన యింటిమాటయెడ సిగ్గుపడ నేర్చిన బాలుడు ఏ భాషనైనను ధైర్యముగ వ్రాయజాలడు.

“బాహుబలి” మొదటిభాగము (2015). ఎస్. ఎస్. రాజమౌళి దర్శకుడు. ఇందలి కాలకేయులకై మదన్ కార్కి “కిలికి” యను భాషను కల్పించెను. సంకేతగ్రహము లేని శబ్దమున కర్థబోధకత్వము లేదు. అయినను పరుషవర్ణముల ధ్వనిచేతనే భయానకము పుట్టునని యీ ప్రయోగము నిరూపించుచున్నది. “తసమదీయులు” అనిన నవ్వెదము, ఏలయన “తదీయులు” మనకు తెలియును. కిలికిని విని బెదరెదము, ఏలయన మనకేమియు తెలియదు. రెండును కల్పనలే; మొదటిది భాషకు లోపల పుట్టినది గావున నెక్కువకాలము నిలుచును.

“బలగం” (2023). వేణు యెల్దండి దర్శకుడు. ముదుసలి కొమురయ్య మరణించును. కాకి పిండము ముట్టదు. పెండ్లివిందున నల్లిబొక్కకై పుట్టిన చిన్న తగవు బంధువులను ఏండ్లతరబడి విడదీసినదని క్రమముగ తెలియవచ్చును. దహనమునకు పిమ్మట జరుగు దినవారములను, వానిలోని మాటల పట్టింపులను ఇంత సూక్ష్మముగ చూపిన తెలుగు చిత్రము నే నెఱుగను. తెలంగాణపు పలుకు ఇందు నాయకునిది, తండ్రిది, అల్లునిది, ఆడుబిడ్డది. కావున నది యెవ్వరికిని వింతగ తోపదు. తుదకు బుడగజంగాల పాట చేయు పని యేదియో పండితోపన్యాసము చేయజాలదు. మాటచేత విఱిగిన బలగమును మాటచేతనే యతుకుట, మాట రాని కాకి దాని కనుమతి తెలుపుట – వాగౌచిత్యమున కిది చక్కని నిదర్శనము.

ఈ యభిప్రాయములనుండి తేలిన సిద్ధాంతమిది. నర్తనశాల గ్రాంథికమున రాణించినది, బలగం వ్యావహారికమున రాణించినది, మాయాబజార్ అపశబ్దమున రాణించినది, శంకరాభరణము మౌనమున రాణించినది. కావున చిత్రముయొక్క గుణదోషములకు భాషారూపము స్వయముగ హేతువు గాదు; పాత్రముతో దానికిగల సంబంధమే హేతువు. మంత్రియు, పసులకాపరియు, మనుమరాలును ఒక్క నోటితో మాటలాడు చిత్రము, ఎంత సలక్షణభాషలో నున్నను, నిరసింపదగినదే.

ఇట్టి విచారము పండితులచేత నగుటకు కొంత సాధనసామగ్రి యావశ్యకము. పూర్వము ప్రదర్శనశాలలయొద్ద పాటల పుస్తకములు విక్రయింపబడుచుండెను; సంభాషణములు ముద్రణమునకెక్కుట మాత్రము అరుదు. తాళపత్రములను సేకరించి, పాఠభేదములను గుర్తించి, శుద్ధప్రతులను వెలువరించిన పరిశోధకసంఘములు, నిలిచియున్న పాతచిత్రముల సంభాషణములను విని వ్రాయించి, ప్రాంతీయోచ్చారణభేదములతో ప్రకటించుట యుక్తము. నిన్నటి తెలుగువారు నోట నాడిన మాటను శబ్దసహితముగ నిలిపిన గ్రంథములివి. భక్తప్రహ్లాదను పోగొట్టుకొంటిమి, తక్కినవానినైనను పోగొట్టుకొనకుండుట మన వంతు. బోధకులును, చిత్రమందలి మాటను తప్పని కొట్టివేయుటకు ముందు, ఎవరు ఎవరితో నెప్పుడు పలికిరని విద్యార్థుల నడుగుదురుగాక. ఆ ప్రశ్నకు సమాధానము వెదకు బాలునకు వ్యాకరణముపై ద్వేషము కలుగదు. దాని ప్రయోజనము తెలియును.