మోల్ లెక్కలు – మన గైడు పుస్తకములు

ఇంటర్మీడియట్ విద్యార్థి రసాయనశాస్త్రములో చేయవలసిన లెక్కలలో చాల భాగము మోల్ భావనపైననే నిలిచియున్నది. కనుక ఈ పాఠమును పరీక్షల గైడు పుస్తకములు ఏ విధముగా నేర్పుచున్నవో పరిశీలించుట అవసరము.

వీటిలో సాధారణముగా కనిపించు క్రమము ఒక్కటే. మొదట ఒక నిర్వచనము. దాని క్రింద పెట్టె కట్టిన మూడు సూత్రములు. భారమును అణుభారముచే, వాయువు ఘనపరిమాణమును 22.4 లీటర్లచే, అణువుల సంఖ్యను 6.022 × 10²³ చే భాగించవలెను. తొందరగా జవాబు రాబట్టుటకు ఈ పెట్టె పనికివచ్చుననుట నిజమే. కాని ప్రశ్న కొంచెము మారినచో విద్యార్థికి దారి తోచదు.

ఉదాహరణకు, 6 గ్రాముల ఉదజనిని 32 గ్రాముల ఆమ్లజనితో మండించిన ఎంత నీరు వచ్చును? సూత్రము మాత్రమే వచ్చిన విద్యార్థి ఉదజనితో మొదలుపెట్టును. 6ను 2 చే భాగించగా 3 మోల్‌లు. ఒక మోల్ ఉదజనికి ఒక మోల్ నీరు గనుక 3 మోల్‌ల నీరు, అనగా 54 గ్రాములు. భాగహారములో తప్పు లేదు, గుణకారములోను లేదు. అయినను పాత్రలో ఉన్నది మొత్తము 38 గ్రాములే! అందుండి 54 గ్రాముల నీరు ఎట్లు పుట్టును? లవోయిజియర్ 1789లో తన గ్రంథమున చెప్పిన ద్రవ్యనిత్యత్వ నియమము గుర్తుకువచ్చినచో ఈ జవాబు నిలువదు.

మోల్ అనునది లెక్కించుటకు ఏర్పరచుకొన్న ఒక కొలమానము. డజను అనగా 12 అయినట్లే, 2019 మే 20 నుండి మోల్ అనగా సరిగా 6.02214076 × 10²³ కణములు. 12 గ్రాముల కార్బన్‌తో ముడిపడిన 1971 నాటి నిర్వచనము తొలగిపోయినది. ఈ భావము పట్టుబడిన విద్యార్థి, ఏది ఎన్ని ఉన్నవని ముందు అడుగును. 32 గ్రాముల ఆమ్లజని 1 మోల్; దానికి కావలసిన ఉదజని 2 మోల్‌లే. ఒక తలుపునకు రెండు మడతబందులు చాలును, మూడవది మిగిలిపోవును. కావున వచ్చు నీరు 2 మోల్‌లు, అనగా 36 గ్రాములు. మిగులు ఉదజని 2 గ్రాములు. రెండును కలిపిన 38. ఈ చివరి సరిచూపు గైడులలో అరుదు.

22.4 సంగతియు ఇట్టిదే. అది 0 డిగ్రీల సెంటిగ్రేడు, ఒక అట్మాస్ఫియరు పీడనము వద్ద ఆదర్శ వాయువునకు మాత్రమే చెందును. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘము 1982లో ప్రమాణ పీడనమును ఒక బార్‌గా సూచించినది. ఆ పీడనము వద్ద అది 22.7 లీటర్లగును. ఈ షరతులు చెప్పక సంఖ్యను వల్లెవేయించినచో, 18 గ్రాముల నీరు కూడ 22.4 లీటర్లని వ్రాయు విద్యార్థిని తప్పుపట్టలేము. ఆ నీరు నాలుగు చిన్న చెంచాలకు మించదు.

ఇట్టి చదువు చదివినవాడు మార్కులు తెచ్చుకొనవచ్చును. కాని రసాయనశాస్త్రము కంఠస్థము చేయవలసిన విద్యయని నమ్మి, దానికి దూరమగును. అసలు నష్టమిదే. గైడు రచయితలు చేయవలసినది పెద్ద పని కాదు. సూత్రమునకు ముందు సమీకరణమును మాటలలో చెప్పవలెను. ప్రతి సంఖ్య ప్రక్కన దాని షరతు వ్రాయవలెను. ప్రతి లెక్క చివర జవాబును సరిచూపవలెను. పుస్తకమునకు నాలుగు పుటలు పెరిగినను, విద్యార్థికి ఆలోచించు అలవాటు మిగులును.